కత్తిరించిన అంచులో ఒక చెయ్యి

శ్రీ రామసుబ్బు గారు ‘కరిసల్ సెయ్ది’ తమిళ దినపత్రిక విరుదునగర్ కార్యాలయంలో 1990వ సంవత్సరం జూన్ పద్దెనిమిదో తేదీ, సోమవారం ఉదయం, చీకటిగది సహాయకులుగా విధులలో చేరారు. రమారమి ముప్ఫై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, ప్రధాన ఛాయాచిత్రకారుల హోదాలో, 2025 మే 31వ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన సంచికలోని తక్కిన పుటలన్నీ తమిళంలో ఉన్నప్పటికీ, ఇంట్లో మాట్లాడుకునే భాషలో కూడా నాలుగు మాటలుండాలనీ, వాటిని సభలో బిగ్గరగా చదివి వినిపించాలనీ ఆయన సతీమణి శ్రీమతి కృష్ణమ్మాళ్ గారు కోరినందున ఈ వ్యాసం తెలుగులో వెలువడుతున్నది. ఇటువంటి వ్యాసాలలో పొగడ్తకు తప్ప పొరపాటుకు చోటుండదు. అయినా ఈ చివరి నెలలో జరిగినదంతా దాచకుండా రాయాలని రామసుబ్బు గారే పట్టుబట్టారు కనుక, చోటు చేయక తప్పడం లేదు.

కోవిల్‌పట్టికి తూర్పున, నల్లరేగడి మెట్టచేల నడుమ ఉన్న ఒక చిన్న పల్లె ఆయన జన్మస్థానం. పత్తి, మిరప, సజ్జ పండించే కుటుంబం. వాన కోసం ఆకాశం చూడడం, వచ్చిన తరువాత దాన్ని తిట్టడం ఆ ఇంట రెండూ అలవాటే. చదువు పూర్తిచేసి పట్నం చేరిన ఆ యువకునికి పత్రికలో దొరికిన మొదటి పని, ఇతరులు తీసుకువచ్చిన ఫిల్ము కడగడం. ఎర్రదీపపు వెలుగులో, మందునీళ్ల తొట్టిలో, తెల్లకాగితం మీద మనిషి ముఖం కొద్దికొద్దిగా తేలి రావడాన్ని ఆయన నాలుగేళ్లు చూశారు. “సీకట్లో కూసోని నాలుగేండ్లు ఇంకొకరి తప్పులు కడిగినాను. నా సదువు అదే” అని ఆయన తరచు చెబుతారు. ఏ చిత్రంలో తల కోసుకుపోయిందో, ఏ చిత్రంలో అక్కరలేని కరెంటు స్తంభం మనిషి నెత్తిమీద మొలిచిందో, ఏ ముఖం మీద వెలుగు పడవలసినచోట పడలేదో ఆ చీకటిగదిలోనే ఆయనకు కంఠతా వచ్చింది.

1994లో చేతికి కెమెరా ఇచ్చారు. మొదటి వారంలోనే పేచీ వచ్చింది. మొక్కలు నాటే ఉత్సవానికి పంపితే, వేదిక మీది పెద్దలందరినీ వదిలి, ఆ మొక్కలకు నీళ్లు మోసుకొస్తున్న ఒక స్త్రీ నడుము మీది బిందెను, ఆ బిందె అంచు పైనుంచి వెనుక మసకగా కనిపిస్తున్న పూలదండలను తీసుకువచ్చారు. నాటి సంపాదకులు చిత్రాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, “కలెక్టరు ఎక్కడయ్యా?” అన్నారట. “ఆ దండల వెనక ఉన్నారు సార్” అన్నారట ఈయన. ఆ చిత్రం అచ్చు కాలేదు. కాని మూడు నెలల తరువాత అదే సంపాదకులు, “ఆ బిందె మాదిరి ఇంకొకటి తీసుకురా” అని అడిగారు.

ఆయన కూర్పు పద్ధతి సామాన్యమైనది, అనుసరించడం మాత్రం కష్టం. నేల మీద మోకాలు వేయనిదే ఆయన కెమెరా కంటికి ఎత్తరు. రేగడిమట్టి పట్టిన ప్యాంటు మోకాళ్లను ఉతికి ఉతికి కృష్ణమ్మాళ్ గారికి విసుగు పుట్టింది. మనిషి చూపు ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కున చట్రంలో కొంత ఖాళీ వదలడం, ముఖానికన్నా ముందు చేతులను వెదకడం, మీట నొక్కే ముందు నాలుగు మూలలూ ఒకసారి కంటితో తుడిచి రావడం ఆయన నియమాలు. వరుస చిత్రాలతో కథ చెప్పవలసి వస్తే, మొదట దూరం, తరువాత దగ్గర, తరువాత చేతులు, తరువాత ముఖం, చిట్టచివర పని ముగించి వెళ్లిపోయే వీపు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కర్మాగారంలో స్త్రీల ఒక పగటిని ఆయన తొమ్మిది చిత్రాలలో చెప్పారు. వాటిలో ఒక్క అగ్గిపుల్లా వెలగదు. తాయిల్పట్టి వైపు బాణసంచా కర్మాగారాల ప్రమాదవార్తలకు వెళ్లవలసి వచ్చినప్పుడు, ఏడుస్తున్న ముఖానికి దగ్గరగా కెమెరా పెట్టడం ఆయన ఏనాడూ చేయలేదు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో సగం ఖాళీగా నిలిచిన కార్మికుల వ్యానును తీసుకువచ్చారు. దానికి శీర్షిక కూడా అవసరపడలేదు.

ఇక్కడ ఒక ఆచారాన్ని గురించి చెప్పాలి. పెద్ద నగరాలలో పత్రికల వాళ్లు ఒకరి చిత్రాన్ని ఒకరికి చూపించరు. మన పక్క అట్లా కాదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉన్న ఛాయాచిత్రకారులు పేరుకు ప్రత్యర్థులైనా, ఒకే మోటారుసైకిలు మీద వెళ్లి, ఒకే టీ దుకాణం దగ్గర దిగుతారు. డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తలో, కోవిల్‌పట్టి కొత్తవీధిలో సరవణకుమార్ గారు నడిపిన ఇంటర్నెట్ కేంద్రంలో సాయంత్రం అయిదున్నరకల్లా అందరూ చేరేవారు. అందరి కార్డులూ ఒకే యంత్రంలో దూర్చి, అందరి చిత్రాలూ ఒకే సంచిలో పోసినట్టు ఒకచోట వేసి, ఎవరికి కావలసింది వారు ఏరుకుని తమ పత్రికకు పంపేవారు. ఎవరికైనా ఒక చిత్రం తప్పిపోతే మర్నాడు సంపాదకుని చేత తిట్లు తినకూడదని ఆ ఏర్పాటు. ఏ పత్రికలో అచ్చయితే ఆ పత్రిక మనిషి పేరు కింద పడేది. ఇది దొంగతనమని ఎవరూ అనుకోలేదు. ఇప్పటికీ ఎవరూ అనుకోరు.

ఈ ఏర్పాటులో రామసుబ్బు గారికి అందరికన్నా సన్నిహితులు మాడన్ గారు. ఆయన వేరొక దినపత్రికకు చిత్రాలు తీసేవారు. వయసులో ఆరేళ్లు చిన్న. ఇద్దరూ మదురైలో ఒకే దుకాణంలో ఒకే రకం కెమెరాలు కొన్నారు. అప్పట్లో ఇద్దరికీ గడ్డాలు, ఇద్దరి మెడలోనూ నల్లసంచి. దూరం నుంచి చూసిన వాళ్లు అన్నదమ్ములనే అనుకునేవారు.

2007 మార్చిలో మన పత్రిక మొదటి పుటలో వచ్చిన ‘వానలో మిరపకల్లం’ చిత్రాన్ని ఈ సంచిక చదివే వారిలో చూడనివారు ఉండరు. ఆరబోసిన మిరపకాయల మీద కాలం గాని కాలంలో వాన దిగింది. ఎర్రటి రాశి మీద ఒక స్త్రీ తన కొంగు పరిచి, వంగి, ముఖం మాత్రం పైకెత్తి, నోరు తెరిచి ఆకాశాన్ని ఏదో అడుగుతున్నది. చుట్టూ ఎవరూ లేరు. చెన్నైలో జరిగిన ఒక ఛాయాచిత్ర పోటీలో దానికి ప్రథమ బహుమతి లభించింది. రామసుబ్బు గారి పేరు చెక్కిన షీల్డు వచ్చింది. కార్యాలయపు గోడ మీదికి, ఇంట్లో అందరూ కూర్చునే కూడంలోకి, పాఠశాలల ప్రసంగాలలోకి ఆ చిత్రం చేరింది. నిజం చెప్పాలంటే, ముప్ఫై అయిదేళ్లలో ఆయన తీసిన వేలాది చిత్రాలు ఒకవైపు, జనం నోట ఆయన పేరు నిలిపిన ఈ ఒక్క చిత్రం ఒకవైపు.

అందుచేత ఈ సంచిక అట్ట మీద ఆ చిత్రమే ఉండాలని, దాన్నే పెద్దది చేయించి సభలో ఆయనకు బహూకరించాలని మా అభినందన సంఘం తీర్మానించింది. అట్ట కూర్చే పని ఛాయాచిత్ర విభాగంలో ఆయన శిష్యురాలైన కుమారి సంగవికి అప్పగించారు. అరుప్పుకోట నేతవారి ఇంటి పిల్ల, మాట దాచుకోవడం తెలియని మనిషి. మే అయిదో తేదీ ఉదయం ఆమె ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, ఒగ మాట అడగాల. ఈ పొటో తీసేటప్పుడు దేని మీద ఎక్కినారు?”

“ఎక్కడమేంటికి? నేను మోకాలేస్తాను గదా.”

“మోకాలేసి ఉంటే ఆకాశం గీత ఆమె నడుముకాడ పడాల. ఇక్కడ సూడండి, తలకాయకన్నా పైన ఉండాది. ఇది పైనించి కొట్టిన బొమ్మ సార్. బండో, మూటలో, ఏదో ఎక్కినారు.”

“ఎక్కుంటాలే.”

“దేని మీద?”

రామసుబ్బు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

“మీరేదా నేర్పినారు సార్, బొమ్మ సూస్తే కొట్టినోడు యాడ నిలబడినాడో సెప్పాలని” అంది సంగవి, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి.

ఆ క్షణంలో పుట్టిన కలవరం ఆయనను నెల పొడుగునా వదలలేదు. తన ప్రతి చిత్రమూ నేలకు దగ్గరగా తీసిందే. ఈ ఒక్కటి ఎందుకు పైనుంచి ఉంది? ఆ చిత్రం తనది కాకపోతే, మే ముప్ఫై ఒకటిన నలుగురి ముందు నిలబడి దాన్ని ఎట్లా అందుకోవడం? అందుకోకపోతే, ఇన్నేళ్లకు తనకంటూ మిగిలేది ఏమిటి? మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఈ మాటే కృష్ణమ్మాళ్ గారిని అడిగారు.

“ఆ పొద్దు నేను ఎట్ల వొస్తి, గ్యాపకం ఉండాదా?”

“లేకేమి? కారం చేత్తో కండ్లు నలుపుకోని వొచ్చి ముంగిట్లో కూసోని ఏడిస్తిరి. మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి కూసోబెడితిని.”

“కెమెరా పట్టుకున్నోనికి చేతులేంటికి మండతాయి?”

“నన్నడిగితే? నేనా పొయ్యుంటి?”

“ఆమె మొగం నాకు బాగ గ్యాపకం ఉండాది కృష్ణమ్మా. నోరు తెరిచి పైకి సూసింది. అది నా కండ్లతో సూసినాను.”

“ఉండదా మరి? పద్దెనిమిదేండ్లుగా కూడంలో మేకుకు తగిలించి దినామూ సూస్తా ఉండారు. నాకూదా గ్యాపకం ఉండాది. అట్లని నేనా కొడితిని?”

ఆ మాటతో ఆయన కంచం ముందునుంచి లేచారు. తాను గుర్తుంచుకున్నది ఆ రోజునా, గోడ మీది పటాన్నా అన్నది తేల్చుకోలేకపోయారు. మర్నాడే బస్సెక్కి, కోవిల్‌పట్టిలో దిగి, అక్కడినుంచి మరో బస్సు పట్టుకుని ఆ కల్లం ఉన్న ఊరికి వెళ్లారు. చిత్రంలోని స్త్రీ రుక్మణి గారు. ఇప్పుడు డెబ్బై దాటింది. వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నది. ఆయన తాను ఎవరో చెప్పుకున్నారు.

“పొటోవాడా? ఇద్దురు వొచ్చిరి గదప్పా” అన్నదామె, చేతి పని ఆపకుండానే. “గడ్డాలు, మెడలో సంచులు, ఇద్దురూ ఒగే మాదిరి. వాన దిగేటప్పటికి ఒగడు మాతో కూడ తార్పాయి పట్టి ఇగ్గినాడు. ఇంకొగడు బండెక్కి నిలబడి బొమ్మలు కొడతా ఉండె. ఒగ ఏడు కష్టం నీళ్ల పాలవతా ఉంటే వానికి బొమ్మ కావాల్సొచ్చె! నాకు వొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇబ్బుడు కూడ వాన పడితే వాణ్ణి ఒగ తిట్టు తిడతాను.”

రామసుబ్బు గారు ఆమె ముందున్న రాశిలోంచి ఒక మిరపకాయ తీసి తొడిమ తుంచారు.

“నువ్వు ఎవురప్పా? ఇగ్గినోడా, ఎక్కినోడా?”

“అది నిన్ను అడగనే వొస్తి అత్తా.”

ఆమె తల ఎత్తి, ఆయనను పైనుంచి కిందికి చూసి, పళ్లు లేని నోటితో నవ్వింది. “నీకే తెల్దా? నల్లగ ఉండిన గడ్డం నెరిసిపోతే నేనెట్ల కనిపెట్టేది? పొయ్ ఆ ఇంకొగణ్ణి అడుగు.”

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఇగ్గినవాడుగా, అంటే ఆ టార్పాలిన్ పట్టా లాగినవాడుగా, ఉండాలని కోరుకోవాలో, ఎక్కినవాడుగా ఉండాలని కోరుకోవాలో తెలియక సతమతమయ్యారు. ఎక్కినవాడైతే చిత్రం తనది. కాని ఆ ముసలామె పద్దెనిమిదేళ్లుగా తిట్టుకుంటున్నది తననే. ఇగ్గినవాడైతే ఆ తిట్టు తప్పుతుంది, చిత్రం పోతుంది. రెండు గౌరవాలలో ఒక్కటే తనకు దక్కుతుంది. ఏది దక్కాలో ఎంచుకునే అధికారం తనకు లేదు.

మాడన్ గారు పత్రికాపని మానేసి తొమ్మిదేళ్లయింది. కోవిల్‌పట్టిలో కల్యాణాల స్టూడియో నడుపుతున్నారు. ఆయనది తమిళ ఇల్లు. వారిద్దరి సంభాషణ తమిళంలో జరిగింది. అన్నగారిని పిలిచే ‘అణ్ణాచ్చీ’ని మాత్రం అట్లాగే ఉంచి, దాన్ని ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాము. విషయం విని మాడన్ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అణ్ణాచ్చీ, తార్పాయి లాగింది నేను కదా!”

“నువ్వా?”

“మరి? చేతులు మూడు రోజులు మండాయి.”

“మండింది నా చేతులురా. ఇంట్లో సాక్షి ఉంది.”

“మీవీ మండి ఉండొచ్చు. నేను మాత్రం లాగాను. మా ఇంట్లో కూడా సాక్షి ఉంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను.”

“సరే, ఇద్దరం లాగాం. అప్పుడు ఫోటో కొట్టింది ఎవరు? వానా?”

స్టూడియోలో పెళ్లికొడుకు చేతి ఉంగరాన్ని కంప్యూటరులో మెరిపిస్తున్న పనివాడు కూడా తల తిప్పి చూశాడు. ఇంతకాలం ఒక చిత్రానికి ఇద్దరు యజమానులు ఉంటారని భయపడితే, ఇప్పుడు ఒక్కరూ లేకుండా పోయారు. రామసుబ్బు గారికి మతి పోయినంత పనయింది.

దారి చూపింది సరవణకుమార్ గారు. ఆయన ఇంటర్నెట్ కేంద్రం ఇప్పుడు జిరాక్సు, ఆధార్ దరఖాస్తుల దుకాణంగా మారింది. ఆ రోజుల్లో నెల నిండగానే అందరి చిత్రాలూ సీడీలలోకి ఎక్కించి తలా ఒకటి ఇచ్చేవారని ఆయన గుర్తు చేశారు. రామసుబ్బు గారి సీడీలు ఇంట్లో వేరుశనగల కడలమిఠాయి డబ్బాలో భద్రంగా ఉన్నాయి. 2007 మార్చిది దొరికింది. మన కార్యాలయంలో ఒక్క కంప్యూటరుకూ సీడీ మింగే నోరు లేకపోవడంతో, డబ్బాను ఒడిలో పెట్టుకుని ఆయన మళ్లీ బస్సెక్కారు. సంగవి కూడా వెంట వెళ్లింది. మాడన్ గారు స్టూడియోకు తాళం వేసి వచ్చారు. సరవణకుమార్ గారి మూలనున్న పాత యంత్రం రెండుసార్లు సీడీని బయటికి ఉమ్మేసి, మూడోసారి గరగరలాడుతూ చదివింది.

వాన చిత్రాలు మొత్తం ఏడున్నాయి. అన్నీ బండి మీదనుంచి తీసినవే. బహుమతి పొందిన చిత్రం మూడోది. అయితే అందరికీ తెలిసిన చిత్రానికన్నా అది వెడల్పుగా ఉంది. ఎడమ అంచున, తార్పాయి కొసను పిడికిట బిగించి లాగుతున్న ఒక మగవాని చెయ్యి, మోచేతి దాకా కనిపిస్తున్నది. రుక్మణి గారు ఒంటరిగా లేరు. ఆమెకు నాలుగడుగుల దూరంలో మనిషి ఉన్నాడు. ఎవరు?

“ముందుకు పో” అన్నారు రామసుబ్బు గారు.

నాలుగో చిత్రంలో ఆ మనిషి మొత్తంగా చట్రంలోకి వచ్చాడు. తడిసిన గడ్డం, వీపు వెనక్కి తోసిన నల్లసంచి, కెమెరా వైపు తిరిగి, నోరంతా తెరిచి తిడుతున్న ముఖం. రామసుబ్బు గారే.

మాడన్ గారు స్టూలు మీద కూర్చుండిపోయారు. “పద్దెనిమిదేళ్లుగా మా ఆవిడకు తార్పాయి కథ చెబుతున్నాను అణ్ణాచ్చీ. అబద్ధమని నాకే తెలియదు” అన్నారు. “మిమ్మల్ని ఏడుసార్లు చూశాను కదా, చూసీ చూసీ ఆ పని నేనే చేశాననుకున్నట్టున్నాను.”

“నేను నువ్వు కొట్టిన బొమ్మను చూసీ చూసీ నేనే కొట్టాననుకున్నాను. ఇద్దరమూ ఒకటే” అన్నారు రామసుబ్బు గారు. కాని ఆయన ముఖంలో ఊరట లేదు.

అప్పుడు సరవణకుమార్ గారు అదే సీడీలో ఉన్న మరో ప్రతిని తెరిచారు. మనందరికీ తెలిసిన చిత్రం. చెయ్యి లేదు. “ఇది మీరు కోసిందే అణ్ణాచ్చీ. నాకు బాగా గుర్తుంది. ఆ మూల కుర్చీలో కూర్చుని, ‘ఈ చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందిరా, బొమ్మను చెడగొడుతున్నది’ అని విసుక్కుని కోసేశారు. ఎవరి చెయ్యో చూసుకోలేదా?”

“ఎడిషను టైము. చూసుకునే తీరిక ఏది?” అన్నారు రామసుబ్బు గారు.

చిక్కు తీరిందనుకుంటే మరింత బిగిసింది. “కొట్టింది నేనే, కాదనను” అన్నారు మాడన్ గారు. “నేను పంపి ఉంటే ఆ చేత్తోనే పంపేవాణ్ని. ఎవరూ రెండోసారి చూసేవారు కాదు. ఆ చెయ్యి తీసేశాకే ఆవిడ ఒక్కతే అయింది. ఆ ఒంటరితనానికే కదా బహుమతి ఇచ్చారు? నేను కొట్టింది బొమ్మా, మీరు కోసింది బొమ్మా?”

సంగవిని అడిగారు. ఆమె తెర మీది రెండు చిత్రాలనూ మార్చి మార్చి చూసి, “కూర్పని సూస్తే కోసిందే మేలు సార్” అంది.

“నాకూ అట్లదా తోస్తా ఉండాది” అన్నారాయన. “అయినా ఆమె ఒంటిగా లేదు గదమ్మా. లేని ఒంటితనాన్ని నేను కోసి తెచ్చినాను.”

మర్నాడు ఆయన మా కార్యాలయ అధిపతి శ్రీ హరికృష్ణన్ గారి గదిలోకి వెళ్లి, అట్ట మీద కోయని నిండు చిత్రమే వేయాలనీ, దాని కింద మాడన్ గారి పేరు ఉండాలనీ కోరారు. హరికృష్ణన్ గారు మంచివారే గాని, ఆ మాటకు తల పట్టుకున్నారు.

“రామసుబ్బూ, పదవీ విరమణ మీది. అట్ట మీద పోటీ పత్రిక మనిషి పేరా?”

“ఇప్పుడతను ఏ పత్రిక మనిషీ కాదు సార్. పెళ్లిళ్లు తీస్తాడు.”

“నిండు బొమ్మ వేస్తే అందం పోతుందయ్యా.”

“పోతుంది సార్.”

“తెలిసీ వేయమంటారా?”

“వేయండి సార్.”

బహుమతి ఇచ్చిన సంస్థకు రామసుబ్బు గారు జరిగినదంతా రాసి పంపారు. ఆ చిరునామాలో ఎవరూ లేరన్న ముద్రతో ఉత్తరం తిరిగి వచ్చింది. షీల్డును మాడన్ గారికి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. తిరిగి ఇంటికి తేవడానికి ఈయనకు మనసొప్పలేదు. ప్రస్తుతం అది సరవణకుమార్ గారి దుకాణంలో, ఫ్యాను గాలికి జిరాక్సు కాగితాలు ఎగరకుండా బరువుగా ఉపయోగపడుతున్నది.

ఒక్క పని మాత్రం మిగిలింది. పోయిన ఆదివారం ఆయన మళ్లీ రుక్మణి గారి ఊరికి వెళ్లారు.

“ఇగ్గినోణ్ణి నేనే అత్తా.”

“అట్లనా” అన్నదామె. చేతిలోని మిరపకాయను పక్కన పెట్టింది. “ఆ పొద్దు రెండు మూటలు మిగిలె. మీరంతా పట్టి ఇగ్గినందానదా మిగిలె. ఆ రెండు మూటలే ఆ ఏటికి మాకు దిక్కు. ఎవురో తెల్దే, ఒగ వాయి, ఒగ గుక్కెడు నీళ్లు కూడ ఇయ్యకనే పంపిస్తిమే అని శానా దినాలు అనుకుంటిని.”

“ఎక్కినోడు కూడ మంచోడే అత్తా. వానివల్లదా నీ మొగం ఊరూరా సూసిరి.”

“నా మొగం సూసి ఎవురికి ఏమి కావాలప్పా? నాకు మిరపకాయలు కావాల్సుండె.” పక్కన పెట్టిన మిరపకాయను మళ్లీ అందుకుని, “సరే, వాణ్ణి కూడ పిలుసుకోని రా. ఇద్దురూ అన్నం తిని పొండి. తిట్టినందానికి సరిపోతుంది” అన్నది.

ఇల్లు చేరాక కృష్ణమ్మాళ్ గారు అడిగారు. “ఇబ్బుడు సంతోసమా, బాదనా?”

“తెల్దు” అన్నారు రామసుబ్బు గారు. అది దాటవేసే మాట కాదు. ఈ వ్యాసం అచ్చుకు వెళ్లే నాటికి కూడా ఆయన మాట అదే. అట్ట మీది చిత్రం ఎవరిదని అడిగితే, ఒక పూట మాడన్ గారిదంటారు, ఒక పూట తాను పాడుచేసిందంటారు, ఒక పూట ఏమీ అనరు. ముప్ఫై అయిదేళ్లు చూపునే వృత్తిగా చేసుకున్న మనిషి, కళ్లముందున్న దాన్ని గురించి ఇదమిత్థమని చెప్పలేనని నలుగురి ఎదుట ఒప్పుకోవడం ఈ కార్యాలయంలో ఇదివరకు ఎవరూ చేయలేదు. సహోద్యోగులమైన మాకు ఏ షీల్డుకన్నా అదే పెద్దదిగా తోస్తున్నది.

పాఠకులు ఈ సంచికను మూసి ఒకసారి అట్ట వైపు తిప్పగలరు. అందం కొంత తగ్గిన ఆ చిత్రంలో ఎడమ అంచున తార్పాయిని పట్టుకున్న చెయ్యి మన రామసుబ్బు గారిది. ఆ చెయ్యి ఇక మీద నూరేళ్లు నిండేదాకా వణుకు లేకుండా, మంట లేకుండా, ఆరోగ్యంతో బలంగా ఉండాలనీ, కృష్ణమ్మాళ్ గారితో కలిసి ఆయన దినాలు నెమ్మదిగా, నిండుగా సాగాలనీ, ఎప్పుడైనా ఎవరి చిత్రానికైనా అది అడ్డం వస్తే, అడ్డం వచ్చిందని ఎవరూ కోసివేయకుండా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.